తలా ఒక చెంబు

మా ఆయన గాజు సీసాల కొలిమి దగ్గర పనిచేస్తాడు. కరిగిన గాజును పొడవాటి ఇనుప గొట్టంతో ఎత్తి అచ్చుకు అందించడం ఆయన పని. ఇరవై రెండేళ్లుగా ఆ సెగలోనే ఉన్నాడు. తాగే నీళ్లు చూసి తోటివాళ్లు 'బావి' అని పేరు పెట్టారు. పేరుకు తగ్గ మనిషే, లోపల ఏముందో ఓ పట్టాన తెలియనివ్వడు.

ఆ కొలిమిలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరికైనా కళ్లు తిరిగితే పక్కనున్న వాళ్లు తలా ఒక చెంబు నీళ్లు తమ చేత్తో తాగించాలి. వద్దంటే వాళ్లను అవమానించినట్టే. మా ఆయనకు కళ్లు తిరిగిన రోజు పక్కన ఏడుగురున్నారు. ఆయనకు మొహమాటం జాస్తి. ఏడు చెంబులూ తాగాడు.

తప్పంతా వాళ్లదే అని చేతులు దులుపుకోను. అత్తగారికి బీపీ వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో ఉప్పు దాదాపు మానేశాను. రెండు రకాలుగా వండే ఓపిక నాకు లేదు. ఆయన నెల రోజులుగా చప్పగా ఉందని గొణుగుతూనే ఉన్నాడు. నోరు మూసుకుని తినండి, ఒంటికి మంచిది అని కసిరేదాన్ని.

మధ్యాహ్నం ఇద్దరు తోటివాళ్లు ఆయన్ని ఇంటికి తెచ్చి దింపారు. తల పగిలిపోతోందన్నాడు, వాంతి చేసుకున్నాడు. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుపోయింది. పొద్దుటి నుంచి ఒంటికి పోలేదట. ఒంట్లో నీళ్లు ఇంకిపోయాయి కాబోలు అనుకున్నాను. పక్కన కూర్చుని గ్లాసు మీద గ్లాసు తాగించాను. నాలుగో గ్లాసు నోటికి పెడుతుంటే నా వైపు చూసి ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఎవరమ్మా మీరు?"

పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆయన నన్ను మీరు అన్నది అదే మొదటిసారి. ఒక్క క్షణం నవ్వొచ్చింది కూడా. అంతలోనే కళ్లు తేలేశాడు, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. అత్తగారి అరుపు విని పక్కింటి టాక్సీ డ్రైవరు పరుగెత్తుకొచ్చాడు.

ఆస్పత్రిలో రక్తపరీక్ష చూసిన డాక్టరమ్మ ఎన్ని నీళ్లు తాగించారని అడిగింది. ఏదో ఘనకార్యం చేసినట్టు అన్నీ చెప్పాను. చెబుతూ చెబుతూ ఆమె ముఖం చూసి నాలుగో గ్లాసు మాట నసిగాను. చెమటతో ఉప్పు పోయింది, తిండితో తిరిగి చేరలేదు, పైనుంచి వట్టి నీళ్లు పోశారు అంది. అలసిన ఒళ్లు ఆ నీటిని బయటికి వదలకుండా పట్టేసుకుందట, ఒంటికి రానిది అందుకేనట. రక్తంలో ఉప్పు పలచబడి, నీళ్లు మెదడులోకి చేరి అది ఉబ్బుతోందట. ఉప్పు ఎక్కించాలి, అదీ కొంచెం కొంచెంగా, తొందరపడితే మెదడుకే దెబ్బ అంది.

"నేను చెప్పేదాకా ఒక్క చుక్క నీళ్లు కూడా ఇవ్వొద్దు. ఆయన ప్రాణం దాని మీదే ఉంది."

అంటే నా చేత్తో నేనే ఆయన్ని... ఆ మాట పూర్తిగా అనుకోవడానికి కూడా భయమేసింది.

గొట్టంలోంచి చుక్కచుక్కగా దిగే ఉప్పునీటిని చూస్తూ, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. నర్సు రక్తం తీసుకెళ్లి తిరిగొచ్చిన ప్రతిసారీ ఏం చెబుతుందోనని లేచి నిలబడ్డాను.

మర్నాడు పొద్దున కళ్లు తెరిచాడు. చాలాసేపు నన్నే చూశాడు. మళ్లీ మర్యాదగా మాట్లాడతాడేమోనని హడలిపోయాను.

"ఏమే," అన్నాడు. "ఒక్క గుక్క నీళ్లియ్యవే."

నన్ను గుర్తుపట్టాడు. ఏడుపు తన్నుకొచ్చింది. చూడటానికొచ్చిన కొలిమి మేస్త్రీ అప్పటికే బల్ల మీది నీళ్ల సీసా మూత తీసేశాడు. నోరు తెరిచి అడుగుతున్నాడు కదమ్మా అని ముందుకొచ్చాడు. మా ఆయన తల కూడా పైకెత్తాడు. నేను సీసా లాక్కుని, మూలనున్న సింకులో ఆఖరి చుక్క దాకా వంపేశాను. ఆ చప్పుడు వింటూ ఆయన ఎండిన పెదాలు నాక్కున్నాడు.

"నీళ్లడిగితే పారబోసేంత రాక్షసివి ఎప్పుడయ్యావే?"

"నిన్నటి నుంచి," అన్నాను. మేస్త్రీ చేతిలోంచి మూత తీసుకుని ఖాళీ సీసాకు బిగించాను.