ఎండలో కూర్చోబెట్టిన కథ

జహీరాబాద్‌లో చరిత్ర పాఠాలు చెప్పే విరూపాక్ష సారు మీద మా అందరికీ అనుమానమే. చైనాతో యుద్ధమై ఏళ్లు గడిచినా ఆ దేశం పేరెత్తితే స్టాఫ్‌రూములో గొంతులు తగ్గేవి. ఈయనేమో హైదరాబాద్ నుంచి చైనా పురాణాల పుస్తకాలు తెప్పించుకుని అందరి ముందే చదివేవాడు. నేను లెక్కల మాస్టరుని. లాభం లేకుండా ఎవడూ ఏ పనీ చేయడని నా నమ్మకం. పోలీసులు ఆయన గది సోదా చేసినప్పుడు, నిప్పు లేనిదే పొగ రాదు కదా అనుకున్నాను.

"వెనకటి చైనా పండితులు పురాణాల దేవుళ్లను రాజులను చేసి వంశాలు రాసిన్రు. ఇప్పుడు చదివే పద్ధతి మారింది సార్. కథ చెప్పుకున్నోళ్లు కరువొస్తే ఏం జేసిన్రు, ఎవరికి భయపడ్డరు, అది అడుగుతున్నరు" అన్నాడాయన ఒకరోజు. అది పుస్తకాల్లో దొరకదట. కరువున్న చోటికే కథను పట్టుకుపోతాడట. నాకు అస్సలు నచ్చలేదు.

ఎనభైల మొదట్లో వానలు మొహం చాటేశాయి. ఆయన సైకిలెక్కి న్యాల్‌కల్ దిక్కు ఒక పల్లెకు పోయేవాడు. చైనాలో పదిమంది సూర్యులు ఒక్కసారే లేచారని, వాన కోసం ఒక మంత్రగత్తెను ఎండలో కూర్చోబెడితే మాడి చచ్చిపోయిందని ఇంటింటా చెప్పేవాడు. చివర్లో ఒకటే ప్రశ్న: "మీ దగ్గర వాన పడకుంటే అనుమానం ఎవరి మీదికి పోతది?" ఎవరైనా గొంతు తగ్గించి ఒక పేరు చెబితే నోటుబుక్కులో రాసుకునేవాడు.

చేతబడిని మా వైపు బాణామతి అంటారు. దాని భయంతో పక్కింట్లో మంచినీళ్లు కూడా తాగని రోజులవి. చదువుకున్న సారే తిరిగి తిరిగి అడుగుతున్నాడంటే ఊళ్లో బాణామతితో వాన ఆపినవాళ్లు ఎవరో ఉన్నట్టే అనుకున్నారు జనం. ఆయన చెప్పింది కథ అనుకోలేదు, కరువుకు మందు అనుకున్నారు.

ఒక ఆదివారం నేనూ వెంట వెళ్లాను, అసలు ఎవరిని కలుస్తాడో చూద్దామని. మిట్టమధ్యాహ్నం ఊరి నడుమ బండమీద నారమ్మ అనే ముసలి వితంతువు కూర్చుని ఉంది. జనమంతా గోడల నీడన నిలబడ్డారు.

"మీరు చెప్పినట్టే చేసినం సారు. వానొచ్చేదాంక లేపం" అన్నాడు ఊరి పెద్ద సంగయ్య, మెప్పు కోసం చూస్తూ.

విరూపాక్ష సారు సైకిలు అక్కడే పడేశాడు. "నేను చెయ్యుమనలె. అక్కడ చేసిన్రని చెప్పిన, అంతే" అని చేతులు జోడించాడు. ఎవరూ కదల్లేదు. ఆయన పోయి ఆమె పక్కనే ఎండలో కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది.

సర్కారు మాస్టరు మీ ఊళ్లో సొమ్మసిల్లితే ఠాణా మొత్తం ఇక్కడికే వస్తుందని సంగయ్యను బెదిరించాను. కాసేపు గుసగుసలాడుకుని ఇద్దరినీ లెమ్మన్నారు.

సారు నీళ్ల చెంబు అందించాడు. నారమ్మ ముట్టుకోలేదు.

"నా పేరు నీకు ఎవరు చెప్పిన్రు సారు?"

ఆయనకు తెలుసు. ఒక పేరు బయటపెడితే రేపు ఆ బండమీద ఇంకొకరు కూర్చుంటారని కూడా తెలుసు. చెంబు ఆమె పక్కన పెట్టాడు.

నారమ్మ నీడల్లో నిలబడ్డ ఒక్కొక్క ముఖాన్నీ చూసింది.

"అయితే అందరు చెప్పిన్రన్నట్టు" అంది.