ఆ కారు నాతో కాదన్న రోజు

మొన్న ఆదివారం మా అల్లుడు భోజనం చేసి, చేయి తుడుచుకుంటూ గుమ్మం దగ్గర నిలబడి ఫోన్‌లో ఏదో నొక్కితే, సందు చివర ఎండలో ఉన్న అతని కారు, లోపల మనిషి లేకుండానే స్టార్ట్ అయింది. అతనూ మా అమ్మాయీ చెప్పులు తొడుక్కుని వెళ్ళేలోపు లోపలంతా చల్లబడుతుందట. ఇంట్లో అందరూ ముచ్చటపడ్డారు. నేను మాత్రం తలనొప్పి అని చెప్పి లోపలి గదిలోకి వెళ్ళి పడుకున్నాను. ఖాళీ కారు దానంతటది స్టార్ట్ అయిన చప్పుడు వింటే నాకు మనసు బాగుండదు. అదెందుకన్నది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు.

శాలిబండలో ముప్పై ఏళ్ళకు పైగా నాకు కార్ల వైరింగ్ దుకాణం ఉండేది. ఒక్క షట్టరు, గోడకు రంగురంగుల వైర్ల చుట్టలు, అంతే. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కారు ఆగిపోతే ముందు చెవి పెట్టి వినేవాళ్ళం, తర్వాత ముక్కుతో పసిగట్టేవాళ్ళం, ఏ వైరు కాలిందో వాసనే చెప్పేది. ఆ తర్వాత తాళంచెవి తలలో చిప్ ఉండే కార్లు వచ్చాయి. ఆ చిప్‌ను కారు గుర్తుపడితేనే ఇంజను నడుస్తుంది, లేకపోతే స్టార్ట్ అయిన రెండు క్షణాలకే ఆగిపోతుంది. అలాంటి కారును దూరం నుంచి రిమోట్‌తో స్టార్ట్ చేయాలంటే, రెండో తాళంచెవిలోని చిప్‌ను ఒక చిన్న డబ్బాలో పెట్టి డ్యాష్‌బోర్డు కింద దాచాలి, తాళం లోపలే ఉందని కారు అనుకునేట్టు చేయాలి. ఒక రకంగా కారును నమ్మించి మోసం చేయడమే. ఆ పని మా వైపు మొదట నేర్చుకున్నది నేనేనన్న గర్వం నాకుండేది.

మా దుకాణం వెనక సందులో, మేడ మీద వాటాలో, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక పెద్దాయన ఉండేవారు. ప్రభుత్వ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. గేర్లు మార్చే పని లేని చిన్న కారు ఒకటి కొనుక్కుని, తెల్లవారగానే భార్యను ఎక్కించుకుని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్ళి పూలూ కూరలూ తెచ్చుకోవడం ఆయనకు రోజూ ఒక పండగ. కారుకు చిన్న బల్బు పోయినా నా దగ్గరికే వచ్చేవారు, తెలిసినవాళ్ళందరినీ నా దగ్గరికే పంపేవారు. నన్ను పనివాడిలా కాక, చదువుకున్నవాణ్ణి అడిగినట్టు అడిగి తెలుసుకునేవారు. అలా అడిగే మనిషి ఒక్కరున్నా మనకు చేసే పని మీద ఎంత గౌరవం పెరుగుతుందో చెప్పలేను.

ఒకసారి ఆయనకు పక్షవాతం వచ్చింది. కొన్ని నెలలకు కాలు తేరుకుంది, కుడిచేతి వేళ్ళకు మాత్రం పట్టు తిరిగి రాలేదు. ఎడమచేయి అడ్డంగా పెట్టి తాళం ఒక మెట్టు తిప్పగలిగేవారు కానీ, ఇంజను అందుకునేదాకా బిగించి పట్టుకోవడం చేతనయ్యేది కాదు. రిమోట్ సంగతి ఎవరో చెబితే నన్ను పిలిపించారు. ఒక రోజంతా కూర్చుని బిగించాను. ఆయన భార్య పక్కనే నిలబడి ప్రతి వైరు గురించీ అడిగింది. నాకూ హుషారొచ్చి, డబ్బా తెరిచి చిప్ చూపించి, "గీ ముక్క తీస్తే బండి నడవదమ్మా, పానమంతా దీంట్లనే ఉంది" అని చెప్పాను. ఆవిడ చాలాసేపు దాని వంకే చూసింది.

ఒక నెల బాగానే నడిచింది. తర్వాత ఒక ఉదయం ఆయన ఫోన్ చేశారు, కారు స్టార్ట్ అయి వెంటనే ఆగిపోతోందని. నేను వెళ్ళి నొక్కితే శుభ్రంగా నడిచింది. రెండు రోజులకు మళ్ళీ అదే ఫిర్యాదు. బ్యాటరీ చూశాను, ఎర్త్ వైరు మార్చాను, తాళం చుట్టూ ఉండి చిప్‌ను గుర్తుపట్టే కాయిల్ తీసి కొత్తది చుట్టాను. నేనున్నంతసేపూ నడిచేది, నేను వెళ్ళిన మర్నాడు ఆగిపోయేది. దుకాణంలో ఇంకో పని చేస్తున్నా ఆ కారే బుర్రలో తిరిగేది. చేతికి అందని తప్పు పనివాణ్ణి ఎంత తినేస్తుందో ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది.

మూడోసారి వెళ్ళినప్పుడు ఆయన మేడ మీద స్నానం చేస్తున్నారు. నేను డ్యాష్‌బోర్డు కింద దూరి ఆ డబ్బా విప్పబోతూ ఆగిపోయాను. నేను టేపు ఎప్పుడూ కుడి నుంచి ఎడమకే చుడతాను. అది ఎడమ నుంచి కుడికి చుట్టి ఉంది. నల్ల టేపు మీద పసుపు వేలిముద్ర ఉంది. తల బయటికి పెట్టి చూస్తే ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉంది.

"అమ్మా, దీన్ని మీరు ముట్టిండ్రా?"

ఆవిడ మేడ వైపు ఒకసారి చూసి దగ్గరికి వచ్చింది.

"ఆ ముక్క నేనే తీస్తున్నాను బాబూ. నువ్వొస్తున్నావంటే మళ్ళీ పెట్టేస్తున్నాను. మొన్న మార్కెట్ దగ్గర కుడి పక్క నుంచి ఒక పిల్ల వస్తుంటే ఆయన చూడనే లేదు. నేను అరిస్తే బ్రేకు వేశారు. ఎందుకరిచావని తిరిగి నన్నే కసిరారు. ఆ పక్క చూపు పోయిందని డాక్టరు చెప్పాడు, ఈయన నమ్మరు. నాకు బాగానే కనబడుతోందంటారు." కొంగుతో మొహం తుడుచుకుంది. "బాగుచేయడం కుదరదని నువ్వు చెప్పు నాయనా. నా మాట వినరు, నీ మాటైతే వింటారు."

మేడ మెట్లు ఎక్కుతున్నంతసేపూ నిజం చెప్పేద్దామనే అనుకున్నాను. ఆయన తల తుడుచుకుని, నా కోసం ఒక కుర్చీ లాగి, చదువుకునే పిల్లాడిలా ఎదురుగా కూర్చున్నారు.

"ఏమయ్యా, దొరికిందా?"

"లేదు సార్. గీ బండికి రిమోట్ పడ్తలేదు. నాతోని అయితలేదు."

"పోనీ సిటీలో ఇంకెవరికైనా చూపిద్దామా? నువ్వు ఎవరి పేరు చెబితే వాళ్ళకే ఇస్తాను."

ఆ మాట దగ్గరైనా నేను ఆగి ఉండాల్సింది.

"ఎవరితోని కాదు సార్. ఇప్పేస్త, ఉంచితే మిగిలిన వైరింగ్ గూడ ఖరాబైతది."

ఆయన తన కుడిచేతిని ఒకసారి చూసుకున్నారు. తర్వాత ఎడమచేయి నా భుజం మీద వేసి, "నువ్వే కాదన్నాక ఇంకెవరు చేస్తారులేవయ్యా, చాలా శ్రమపడ్డావు" అన్నారు. తలుపు వెనక నిలబడ్డ ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే అన్నీ విప్పి నా సంచిలో వేసుకుని వచ్చేశాను.

కారు అమ్మేశారు. కొన్నాళ్ళ తర్వాత ఒక ఉదయం ఆయన మా దుకాణం ముందు షేర్ ఆటో దిగుతూ కనబడ్డారు. కూరల సంచి ఎడమచేతిలో ఉంది, పట్టుకుని దిగడానికి ఇంకో చేయి సాయపడటం లేదు. పరుగెత్తి వెళ్ళి పట్టుకోవాల్సిన నేను, షట్టరు వెనక్కి జరిగి నిలబడ్డాను. ఎవరో దించారు. ఆ తర్వాత ఆయన గుడిమల్కాపూర్ వెళ్ళడమే మానేశారు. ఏడాది తిరగకముందే పోయారు.

పదిహేను రోజుల తర్వాత ఆవిడ దుకాణానికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "కారు పోయాక ఆయన నాతో కూడా పెద్దగా మాట్లాడలేదు బాబూ. గోడ వైపు చూస్తూ కూర్చునేవారు. మనం చేసింది మంచే కదా?" అని అడిగింది. ఆ 'మనం' అన్న మాట వినగానే నేను చేతిలో ఉన్న వైరును మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాను. తర్వాత ఆవిడ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

ఆయన రోడ్డెక్కి ఉంటే ఏ పిల్ల ప్రాణం పోయేదో, అందుకే ఆ అబద్ధం తప్పని ఇప్పటికీ పూర్తిగా అనుకోలేను. కానీ ఆయన్ను ఆ కార్లోనే కూర్చోబెట్టి, కుడి పక్కన నిలబడి నా చేయి చూపించి, ఎన్ని వేళ్ళో చెప్పమని అడిగి ఉండొచ్చు. నా మాట మీద గురి ఉన్న మనిషి, తన కళ్ళతో తానే తెలుసుకునేవారేమో. బాధ పడేవారు, నన్ను తిట్టేవారు, అయినా అది ఆయన చేసుకున్న నిర్ణయమయ్యేది. ఆ కాసేపు ఆయన మొహం చూసే ధైర్యం లేక, కారు మీద నెపం పెట్టాను.

ఇప్పుడు శాలిబండలో నా దుకాణం ఉన్న చోట ఫోన్ల కొట్టు వచ్చింది. కార్లకు కంప్యూటర్ తగిలిస్తే ఏ తీగ ఎప్పుడు ఊడిందో, ఎవరు ఊడదీశారో కూడా చెప్పేసేట్టుంది. ఆ రోజుల్లో కారుకు ఏమైందో చెప్పడానికి మనిషే దిక్కు, ఆ మనిషి చెప్పిందే నిజం. ఇప్పుడు ఎవరూ ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు. మంచిదేనేమో. నన్ను మాత్రం ఒకాయన అంతగా నమ్మారు, ఆ నమ్మకాన్ని నేను వాడుకున్న తీరు అది.