ఏడికి అని అడగని బాపమ్మ

మా ఇంట్లో బయటికి వెళ్లేవాళ్లను "ఏడికి?" అని ఎవరూ అడగరు. అడిగితే వెళ్లిన పని చెడుతుందన్న పట్టింపు చాలా ఇళ్లలో ఉన్నదే. మా బాపమ్మకు మాత్రం అది పట్టింపు కాదు, భయం. నాన్నకు తల్లి కాబట్టి ఆమె మాటే మాకు చట్టం. ఒకసారి మడికొండ నుంచి వరంగల్ పోదామని ఆటో ఆపితే, డ్రైవర్ పాపం "ఏడికవ్వా?" అన్నాడు. అడగకపోతే బండి ఎటు తిప్పుతాడు? బాపమ్మ అతన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, ఇంట్లోకి వచ్చి, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని గాని కదల్లేదు. మేం పక్కకు తిరిగి నవ్వుకున్నాం.

ఆ భయం ఎక్కడిదో నాకు తెలిసింది మా ముత్తాత గురించి ఆరా తీయడం మొదలుపెట్టాకే. ఆయన బాపమ్మకు తండ్రి. వరంగల్ స్టేషన్ దగ్గర చింతపండు, మిర్చి కొట్టు నడిపిన వ్యాపారి. సరుకు కొనడానికని గోదావరి అవతలికి వెళ్లి తిరిగి రాలేదు. మా చుట్టాలు ఒక్కో పెళ్లిలో ఆయన్ను ఒక్కో రకంగా చంపేవాళ్లు. ఒకరు వరదలో ముంచారు, ఒకరు దొంగలతో కొట్టించారు, మా పెద్దనాన్న అయితే ఏకంగా పులికి అప్పగించాడు. అసలు సంగతేమిటో కనుక్కుందామని ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి బాపమ్మ ముందు కూర్చున్నాను.

"నేనే అడిగిన బిడ్డా," అంది. "బాపు చెప్పులేసుకుంటాండు. ఏడికి పోతానవ్ బాపూ అన్న. చిన్నదాన్ని, నాకేమెరుక? మా అమ్మ నెత్తి కొట్టుకున్నది. బాపు నవ్వి, మల్ల లోపటికొచ్చి, జర సేపు కూసొని, నీళ్లు తాగి పోయిండు. గంతే. నేనే సంపుకున్న."

తొంభైకి దగ్గర పడిన మనిషి ఆ మాట ఏడవకుండా అంది. ఏడ్చినా బాగుండేదనిపించింది. ఇక ఆ తర్వాత నేను వెతికింది ముత్తాత కోసం కాదు. ముందునుంచే ఉన్న ఏ రోగంతోనో ఆయన పోయాడని ఒక్క కాగితం దొరికితే చాలు, దాన్ని బాపమ్మ చేతిలో పెట్టాలనుకున్నాను.

వరంగల్ ఆఫీసుల్లో పాత కాగితాలన్నీ ఉర్దూలో ఉన్నాయి. జిరాక్సులు తీయించి తెస్తే మా పొరుగింటి రిటైర్డ్ మాస్టారు చదివి పెట్టారు. కొట్టు ఉన్నమాట నిజం, ఆయన పేరు నిజం. చావు మాత్రం ఎక్కడా లేదు.

చివరికి గోదావరి అవతల ఒక ఊరి రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆయన పేరు దొరికింది. పోయిన మనిషిగా కాదు, ఇల్లు కొన్న మనిషిగా. ఇంటిపేరు, తండ్రి పేరు, సొంత ఊరు వరంగల్ అన్నదీ సరిపోయాయి. ఆ కాగితం రాసేనాటికి బాపమ్మకు పెళ్లయి, మా నాన్న కూడా పుట్టి ఉన్నాడు.

ఆ ఇంటికి వెళ్లాను. ఇప్పటికీ ఆయన మనవలే ఉంటున్నారు. హాల్లో దండ వేసిన ఫొటో. తల పండిన మనిషి, ఒళ్లో ఒక పాప. ఎడమ చెవి తమ్మె చీలి ఉంది, బాపమ్మ చెప్పినట్టే. వరంగల్లో ముందొక కాపురం ఉందని వాళ్లకు తెలియదు. దూరపు చుట్టాన్నని చెప్పుకున్నాను.

"మా తాత చాలా మంచోడమ్మా. ఆడపిల్లలంటే ప్రాణం," అంది ఆ ఇంటావిడ టీ ఇస్తూ.

టీ అక్కడే వదిలేశాను. ఫొటోను ఫోన్‌లోకి తీసుకుని, దారి పొడుగునా ఆ ముసలాయన్ని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

అమ్మ వద్దే వద్దంది. "సచ్చిండనుకొని ఇన్నేండ్లు బతికింది. ఇడిసిపెట్టి పోయిండని ఈ వయసుల చెప్తవా?"

చెప్పకపోతే బాపమ్మకు తండ్రి మిగులుతాడు, నేరమూ మిగులుతుంది. చెబితే రెండూ పోతాయి. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆఖరికి చెప్పాను.

"నీ మాటతోని ఏం కాలే బాపమ్మా. మీ బాపు బతికిండు. ముసలోడయ్యేదాక మంచిగ బతికిండు."

ఫోన్‌ను కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. చెవిని గుర్తుపట్టింది. "తల పండిందే! పండ్లు గుడ ఊసిపోయినయి," అని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. "అయితే నేను సంపలే. నేను సంపలే బిడ్డా," అని నా చేయి పట్టుకుని ఊపేసింది. వద్దన్న అమ్మే కొంగుతో కళ్లు తుడుచుకుంది. మంచిపనే చేశాననుకున్నాను.

స్క్రీన్ ఆరిపోతే మళ్లీ వెలిగించమంది. ఈసారి ఆయన ఒళ్లోని పాపను వేలితో ముట్టింది.

"ఈ పిల్లెవరు?"

"ఆయన మనవరాలు."

ఫోన్‌ను ఒళ్లో బోర్లా పెట్టుకుంది.

"నా పెండ్లప్పుడు ఉన్నడా?"

"ఉన్నడు బాపమ్మా."

"మేము ఇల్లు గుడ మారలే గద బిడ్డా," అంది. "ఆడనే ఉంటిమి."