లేఖకురాలు రచన పోయరాదు

సెల్‌ఫోన్ అనేది ఇంకా పెద్ద డాక్టర్ల నడుములకే వేలాడుతున్న కాలంలో, తనకు నాలుగు ముక్కలు రాయడం వచ్చునని ఒక ఆడపిల్ల లోకానికి చెప్పుకోవాలంటే కాలేజీ లైబ్రరీ గుమ్మం పక్కన ఉండే అద్దాల బీరువా తప్ప వేరే దారి ఉండేది కాదు. బీరువా అంటే నిజంగా బీరువా కాదు, గోడకు బిగించిన లోతు తక్కువ పెట్టె. లోపల చేత్తో రాసిన కాగితాలు గుండుసూదులతో గుచ్చి, అద్దం మూసి తాళం వేసేవారు. దాన్నే గోడపత్రిక అనేవాళ్ళం. నేను కొండపల్లి నుంచి రోజూ పాసింజరు రైలెక్కి బెజవాడలో ఒక ఆడపిల్లల కాలేజీకి వచ్చి బి.ఏ. చదివేదాన్ని. (మా నాన్నది థర్మల్ స్టేషన్లో ఉద్యోగం.) "దీనికి నోరు పెట్టడం మర్చిపోయి చెయ్యి ఒకటి ఎక్కువ పెట్టాడు దేవుడు" అనేది మా అమ్మ, నేను మాట్లాడకుండా అస్తమానం డైరీ రాస్తుంటానని. ఆ డైరీలో రైల్లో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళ దగ్గర్నుంచి ఆకాశంలో మబ్బు దాకా అందరూ ఉండేవాళ్ళు. చదివేదాన్ని మాత్రం నేనొక్కదాన్నే.

నేను రెండో సంవత్సరంలోకి వచ్చేసరికి ఆ గోడపత్రిక పరువు పోయింది. ఎవరో సినిమా హీరోల ఫొటోలు కత్తిరించి కళ్ళు మాత్రమే అంటించి, "ఈ కళ్ళు ఎవరివి?" అని పోటీ పెట్టారు. ప్రిన్సిపాల్ మేడం చూసి అదే రోజు అన్నీ పీకించి తాళం వేయించింది. వారం తిరక్కుండా సంఘం అక్క రంగంలోకి దిగింది. ఆమెది కంకిపాడు పక్క పల్లె. మూడో సంవత్సరం. వాళ్ళ నాన్న ఆ ఊరి పాల సంఘానికి ప్రెసిడెంటు కావడంతో ఆమె ఏ మాట మొదలుపెట్టినా "మా సంఘంలో అయితే" అనే మొదలుపెట్టేది. అందుకని ఆ పేరు. "సినిమా కళ్ళూ ముక్కులూ కాదు, పద్ధతైన ఆడపిల్లలకి పద్ధతైన పత్రిక రావాలి" అని ప్రిన్సిపాల్‌ని ఒప్పించి తాళం చెవి తెచ్చుకుంది. పత్రిక పేరు 'పసుపు గడప' అని ప్రకటించింది.

వన్‌టౌన్‌లో బట్టల కొట్టు వాళ్ళమ్మాయి ఒకతె మా క్లాసులో ఉండేది. సంచిలో ఎప్పుడూ కొలత టేపు ఉండేది కాబట్టి ఆమెను టేపు అనే పిలిచేవాళ్ళం. ఆమె నెమ్మదిగా అడిగింది: "అక్కా, మా గడపకి మేం పసుపు రాయంగదా, మరి నేను ఉండొచ్చా?"

సంఘం అక్క రెండు క్షణాలు ఆలోచించింది. "గడప దాటేటప్పుడు తలమీద చున్నీ సర్దుకుంటావా లేదా?"

"సర్దుకుంటా."

"అదే పసుపు. కూర్చో."

మొదటి సమావేశానికి నేను ఎంత ఆశతో వెళ్ళానో చెప్పలేను. ఏం రాయాలి, ఎవరు రాయాలి అని మాట్లాడుకుంటారనుకున్నాను. నా సంచిలో, ఎకనామిక్స్ నోట్సు మధ్యలో, నేను రాసిన కథ ఉంది. సంఘం అక్క తన సంచిలోంచి రంగు మారిన చిన్న నిబంధనల పుస్తకం తీసి బల్లమీద పెట్టింది. "ఏ సంస్థకైనా ముందు బైలా ఉండాలి. ఇది మా నాన్న సంఘానిది. దీనితో నడిపినన్నాళ్ళూ ఒక్క గొడవ రాలా. పాలు అన్నచోటల్లా రచన అని మార్చుకుంటే మనకి అతికినట్టు సరిపోద్ది."

"మరి గేదె అన్నచోట?" అంది టేపు.

"గేదె అన్నచోట ప్రతిభ అని రాయి."

రాయాల్సింది నేనే. నా దస్తూరి చూసి నాకు ముత్యాలు అని పేరు పెట్టి, ఓటింగు లేకుండానే లేఖకురాలిని చేసేశారు. అలా నా చేత్తోనే, "సభ్యురాలికి స్వంత ప్రతిభ ఉండవలెను, అద్దె ప్రతిభ చెల్లదు" అని రాశాను. "ఉదయం ఎనిమిదిన్నర దాటిన తర్వాత తెచ్చిన రచన విరిగినదిగా భావించబడును" అని రాశాను. "రచనలో నీళ్ళు కలిపినట్లు రుజువైన యెడల సభ్యత్వము రద్దగును" అని కూడా రాశాను. (సలహాదారుగా సంతకం పెట్టాల్సిన తెలుగు మేడం మొత్తం మీద ఆ ఒక్క నిబంధనే చదివి, "ఇది మాత్రం ఉంచండమ్మా, పైవాళ్ళకి కూడా వర్తింపజేస్తే బాగుండును" అని నిట్టూర్చి సంతకం పెట్టింది.) సంఘం అక్క అధ్యక్షురాలు. పాలలో వెన్న ఎంతుందో చూసే టెస్టరు ఉద్యోగం పరిశీలకురాలు అనే పేరుతో టేపుకి వచ్చింది. కోరం కోసం నలుగురు డైరెక్టర్లు. వాళ్ళ పని వేయించిన శనగలు తింటూ చేతులెత్తడం.

పందొమ్మిదో నిబంధన దగ్గర నా పెన్ను ఆగిపోయింది. 'సంఘ సిబ్బంది సంఘమునకు పాలు పోయరాదు' అన్నది అసలు పాఠం. సంఘం అక్క చెప్పిన ప్రకారం అది 'లేఖకురాలు రచన పోయరాదు' అయింది.

ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని, "అక్కా, నాకు జీతం లేదుగదా" అన్నాను. ఆ ఏడాది ఆ సమావేశాల్లో నేను నోరు తెరిచి అన్న పూర్తి వాక్యం బహుశా అదొక్కటే.

"జీతం కాదమ్మాయ్ ఇక్కడ లెక్క. కొలిచే మనిషే పోస్తే కొలత మీద అనుమానం వచ్చుద్ది. మా ఊళ్ళో టెస్టరు పెళ్ళాం కూడా కేంద్రంలో పోయదు. ఎర్ర ఇంకుతో గీత కొట్టు దాని కింద."

కొట్టాను. స్కేలు పెట్టి మరీ కొట్టాను. సాయంత్రం రైల్లో కూర్చున్నాక నామీద నాకు వచ్చిన చిరాకు ఇంతా అంతా కాదు. నా నోటికి తాళం వేసి, చెవి నేనే వాళ్ళ చేతిలో పెట్టి, రసీదు కూడా అందమైన దస్తూరితో రాసిచ్చి వచ్చాను.

కథ గురించి ఒక్క ముక్క చెప్పాలి. మా వీధిలో కొయ్యబొమ్మలకు రంగులు వేసే ఒకావిడ ఉండేది. అన్ని రంగులూ వేసి కళ్ళు మాత్రం ఆఖర్న పెట్టేది. కళ్ళు పెట్టాక ఇక వాటి ముందు ఇంట్లో పోట్లాడుకోలేననేది. వాళ్ళాయన కేకలు వేసే రోజున ఒక్క బొమ్మకి కూడా కళ్ళు పడేవి కావు. అదే నా కథ. డైరీలో ఇంకో ప్రతి ఉంది, నిజమే. కానీ డైరీలో ఉండటమంటే కళ్ళు పెట్టని బొమ్మలా ఉండటమే. ఒక్కసారి, ఒక్క మనిషి, నాకు తెలియని మనిషి, దాన్ని ఆ అద్దం ముందు నిలబడి చదవాలి. నాకు కావలసింది అంతే.

అందుకని పదో తరగతి చదివే మా చెల్లెలి కాళ్ళావేళ్ళా పడ్డాను. దాని భారతదేశ పటాలన్నీ నేను గీసేట్టు, నా కథ అది తిరగరాసేట్టు ఒప్పందం. దాని రాత కోడి గీకినట్టుంటుంది. ఎవరూ నన్ను అనుమానించరు. కింద కమలిని, రెండో సంవత్సరం బి.కాం. అని రాయించాను. (బి.కాం.లో ఒక్కో సెక్షనుకి డెబ్బై మంది. ఎవరికి ఎవరు తెలుసు?) పొద్దున ఎనిమిదింటికల్లా రచనల పెట్టెలో వేసి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి క్లాసులో కూర్చున్నాను.

రచనలు పరీక్షించే సమావేశం రోజున సంఘం అక్క కాగితం ఎత్తి పైకి చదవడం మొదలుపెట్టింది. "కళ్ళా? మళ్ళీ కళ్ళేనా?" అని డైరెక్టర్లలో ఒకతె నవ్వబోయింది. రెండో పేరాకి శనగల చప్పుడు ఆగిపోయింది. నేను మినిట్స్ పుస్తకంలో మొహం పెట్టుకుని, అనవసరంగా కాగితాలు కదుపుతున్నాను. చివరి వాక్యం సంఘం అక్క రెండుసార్లు చదివింది. "వెన్న బాగా ఉంది దీంట్లో" అంది నెమ్మదిగా. ఆమె నోట అంతకన్నా పెద్ద పొగడ్త నేను మళ్ళీ వినలేదు. ఆ తర్వాత బైలా తెరిచింది. "ఇరవై మూడో నిబంధన. రచనను పోసిన మనిషి సమక్షంలోనే పరీక్షించవలెను. మా సంఘంలో అయితే మనిషి ఎదురుగా లేకుండా శాంపిల్ ముట్టుకోరు, రేపు తగాదా వచ్చుద్ది. కమలిని ఎక్కడ?"

కమలిని పెన్ను పట్టుకుని కూర్చుని ఉంది.

"ముత్యాలూ, ఆ అమ్మాయికి నోటీసు రాయి."

రాశాను. నన్ను నేను హాజరు కమ్మని, నా దస్తూరితో, కాలేజీ నోటీసుబోర్డుకి. రాలేదు కాబట్టి రెండోది రాశాను. ఈసారి 'వెంటనే' అనే మాటకింద గీత కూడా. అప్పటికి బి.కాం. వైపు గుసగుసలు మొదలయ్యాయి. "ఎవరే ఈ కమలిని? ఏం చేసింది?" "పరీక్షలో చీటీలు పెట్టిందంట." "చీటీలు కాదే, హాస్టల్ గోడ దూకిందంట." పాపం, పుట్టి పదిహేను రోజులు కాని పిల్ల. దానికి పరువు లేకుండా చేసింది నా ముత్యాల్లాంటి అక్షరాలే.

పరీక్షించే సమావేశాల్లో మూడోది ఆఖరుది. మూడుసార్లు పిలిచినా ఎవరూ రాని శాంపిల్‌ని పారబోయాలని బైలా. అంటే కాగితం అక్కడే చింపేయాలి. సంఘం అక్క నలువైపులా చూసింది. "ఆ అమ్మాయిని ఎరిగినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?" అంది. ఆ గొంతులో నిజంగానే బతిమాలుకోవడం ఉంది. ఒక్కమాట. 'నేనే' అంటే రెండక్షరాలు. నాలుక పైకి లేవలేదు. చెయ్యి మాత్రం దాని అలవాటు ప్రకారం అది రాసుకుపోయింది: 'రచయిత్రి గైర్హాజరు.' నా పక్కనే ఉన్న టేపు ఆ అక్షరాలకేసి చూసింది, తర్వాత నా వేళ్ళకేసి చూసింది. అవి చివరి అక్షరాన్నే మళ్ళీ మళ్ళీ దిద్దుతున్నాయి.

"రూలు రూలే. చింపు" అని సంఘం అక్క కాగితాన్ని టేపు చేతికిచ్చి మొహం తిప్పుకుంది. చింపే పని పరిశీలకురాలిది.

టేపు చింపలేదు. "ఒక్క మాటక్కా. ఆ పిల్ల రాలేదని ఎవరు చెప్పారు?"

"పుస్తకంలో ఉందిగా గైర్హాజరని."

"పుస్తకం రాసేది ముత్యాలు గదా. ఏమే, సరిగ్గా చూసే రాశావా? పుస్తకంలో తప్పు పడితే దిద్దాలని కూడా రూలుందిగా. ఎన్నోది అక్కా అది?"

"నలభై ఒకటి. కొట్టివేసి, పక్కన దిద్ది, పొట్టి సంతకం పెట్టాలి" అంది సంఘం అక్క, యథాలాపంగా.

టేపు కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, చింపడానికి సిద్ధంగా ఉన్నట్టే ఉండి, చింపకుండా నాకోసం చూస్తోంది. నేను 'గైర్హాజరు' మీద గీత కొట్టాను. స్కేలు లేకుండా. పక్కన 'హాజరు' అని రాసి, పొట్టి సంతకం పెట్టి, పుస్తకాన్ని సంఘం అక్క ముందుకు తోశాను.

ఆమె పైకి చదివింది. "రచయిత్రి... హాజరు." గదిలో ఉన్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినీ లెక్కపెట్టినట్టు చూసి, చివరికి నా దగ్గర ఆగింది. "నువ్వా?"

తల ఊపాను.

"నోటితో చెప్పటానికి ఏమొచ్చిందే నీకు! రెండు నోటీసులు రాయించావు, బంగారంలాంటి కథని చింపించబోయావు!" అని అరుస్తూనే కళ్ళు తుడుచుకుంది.

"నోటితో చెప్తే రికార్డుకి ఎక్కదుగదక్కా" అంది టేపు.

ఇక్కడితో కథ సుఖాంతమని మీరనుకుంటే మీకు సంఘం అక్క అర్థం కాలేదన్నమాట. ఆమె ముక్కు చీదుకుని బైలాలో పందొమ్మిదో నిబంధన తీసింది. లేఖకురాలు రచన పోయరాదు. నేను కొట్టిన ఎర్ర గీత నిగనిగలాడుతోంది. "కథ ఉండాలంటే పదవి ఉండదు. రాజీనామా రాయి" అంది. రాశాను. డైరెక్టర్లు చేతులెత్తి ఆమోదించారు. "ఆమోదించినట్టు కూడా నువ్వే రాసెయ్, మా రాతలు బాగుండవు" అంది. అదీ రాశాను.

ఫలితంగా 'పసుపు గడప' మొదటి సంచిక (ఆఖరిది కూడా అదే, తర్వాత పరీక్షలొచ్చాయి, కోరం రాలేదు) లేఖకురాలు లేకుండా వెలువడింది. సంఘం అక్క చేతిరాతలో పేజీకి ఆరు లైన్లు పట్టేవి. నా కథని నేను తిరగరాయడానికి వీల్లేదు, రాజీనామా చేసిన లేఖకురాలు ఆరు నెలలు పెన్ను ముట్టరాదని ఇంకో నిబంధన. కాబట్టి అది మా చెల్లెలి కోడిగీతల్లోనే అద్దం ఎక్కింది. నేను స్తంభం చాటున నిలబడి చూశాను. వచ్చినవాళ్ళు వచ్చినట్టే కళ్ళు చికిలించి, "ఏంటే ఇది, డాక్టరు చీటీలా ఉంది" అని వెళ్ళిపోతున్నారు. మధ్యాహ్నం టేపు వచ్చింది. దారినపోయే ఫస్టియర్ పిల్లలిద్దర్ని ఆపి, అద్దం మీద వేలు పెట్టి, ఒక్కో లైనూ చదివి వినిపించడం మొదలుపెట్టింది. వాళ్ళు నాకు తెలియనివాళ్ళు. ఇద్దరిలో పొట్టిగా ఉన్న అమ్మాయి చివరిదాకా కదల్లేదు. "తర్వాత ఆమె కళ్ళు పెట్టిందా అక్కా?" అని అడిగింది. సమాధానం నాకు తెలుసు. స్తంభం వదిలి రెండడుగులు వేస్తే చెప్పొచ్చు. వేయలేదు.

ఇప్పుడు నేను బెజవాడలోనే ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. మీటింగులు జరిగితే మినిట్స్ రాసేది ఇప్పటికీ నేనే. (దస్తూరి చూసి ఇచ్చారు, ఓటింగు లేకుండానే.) మొన్న అటక సర్దుతుంటే అప్పటి డైరీ దొరికింది. మబ్బుకి మూడు పేజీలు, రైల్లో ఎవరో ముసలాయన దగ్గుకి పేజీన్నర రాసిన పిల్ల, ఆ మూడో సమావేశం రోజు గురించి ఎంత రాసి ఉంటుందోనని ఆత్రంగా తిప్పాను. పేజీ నిండా ఖాళీ. మధ్యలో ఒకే ఒక్క మాట: 'హాజరు.' పక్కన, రూలు ప్రకారం, పొట్టి సంతకం.