రహీమున్నీసా కడగకుండా ఇచ్చిన భేజా

వనపర్తిలో రహీమున్నీసా చేతి భేజా కొన్నవాళ్లెవరూ ఇంటికెళ్లి మళ్లీ కడగరు. వాళ్ల మాంసం దుకాణంలో భర్త యాసిన్ గొర్రె తల పగలగొట్టి మెదడు తీసి ఇస్తే, ఆమె దాన్ని పసుపు వేసిన వేడినీళ్లలో ముంచి, పైపొర ఒలిచి, మల్లెమొగ్గలా చేసి ఆకులో పెడుతుంది. ముప్పై ఏళ్లలో ఒక్కరూ వంక పెట్టలేదు. పెట్టి ఆమె నోటి ముందు నిలవాలి కదా!

2004 ఎండాకాలంలో ఆ పేరుకే ముప్పొచ్చింది. హైదరాబాదులో మెదడు మీద పరిశోధన చేసే మన ఊరి పిల్ల శ్రీవాణి ఐసు డబ్బాతో వచ్చి, తాను పిన్నిలా ఖాలా అని పిలిచే రహీమున్నీసా దుకాణం మెట్టు మీద కూలబడింది.

"ఖాలా, నీ దగ్గర రెండుసార్లు భేజా తీస్కపోయిన. రెండుసార్లు ఫిల్ము ఖాళీగనే వచ్చింది. మా సారు వేరే దుకాణం చూస్కొమ్మంటుండు."

"నా భేజల ఏం తక్కువైందంట? ఫోన్ కలుపు, నేనే అడుగుత!"

"జర విను ఖాలా. మెదడుల కబుర్లు అందుకునే గూళ్లుంటయి, రిసెప్టర్లంటరు. భేజాను గడ్డకట్టిచ్చి, ఉల్లిపొర కన్న సన్నగ కోసి గాజుబిళ్లకు అతికిస్తం. ఆ గూళ్లనే పట్టుకునే మందు పోస్తం. మందుల కొంచెం రేడియేషన్ ఉంటది. పైన ఫిల్ము పెట్టి వారాలు చీకట్ల ఉంచుతం. గూళ్లున్న కాడ నల్లగ పడ్తది."

రహీమున్నీసా ఆకులోని భేజాను వేలితో నొక్కి చూసింది. "వేడినీళ్లల్ల ముంచితె భేజా గట్టిపడ్తది. గట్టిపడ్డంక నీ గూళ్లు ఉంటయా?"

"వేడినీళ్లా? నాకిచ్చింది కూడా ముంచినవా?"

"పసుపు గూడ ఏసిన! నువ్వేమన్న పరాయిదానివా, మురికిది ఇయ్యనీకి?"

శ్రీవాణి తల పట్టుకుని నవ్వింది. "వేడికి గూళ్లు చెడిపోతయి, ఈసారి కడగకుంట ఇయ్యి ఖాలా."

యాసిన్ కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు. "కడగకుంటనా? ఈమె నన్నే కడుక్కోకుంట ఇంట్లకు రానియ్యదు!"

మర్నాడు పొద్దున్నే నెత్తురు చారలతో భేజా రహీమున్నీసా చేతికొచ్చింది. అలవాటున ఆమె చెయ్యి రెండుసార్లు నీళ్లకుండ వైపు పోయింది. యాసిన్ కుండనే అవతలికి జరిపాడు. ఆమె ముఖం తిప్పుకుని దాన్ని డబ్బాలో పెట్టింది.

"దార్ల ఎవ్వరికి చూపియ్యకు. అడిగితె నా దుకాణంది కాదని చెప్పు."

రెండు నెలలకు శ్రీవాణి పరుగున వచ్చింది. తెచ్చిన ఫోటోలో మెదడు ముక్క, దాని మడతల వెంట గద్వాల చీర అంచులా నల్లటి పట్టీ. రహీమున్నీసా కొంగుతో ఫోటోను తుడిచి తుడిచి చూసింది.

"కింద ఏం రాసినవ్?"

"గొర్రె మెదడు, వనపర్తి."

"దుకాణం పేరేది?"

"నువ్వే గద ఖాలా, నీది కాదని చెప్పుమన్నవు!"

"అది దార్ల అడిగెటోళ్లకు. ఇప్పుడు రాయి, పెద్ద అచ్చరాలల్ల!"

ఆ ఫోటో తక్కెడ పైన గోడకెక్కింది. చూసి అడిగినవాళ్లకు ఆమె జవాబు ఒక్కటే: "నా భేజానే. మీకు మాత్రం కడిగే ఇస్త."