యాభై రెండు కేజీలు

వరదసాయానికొచ్చే అద్దె హెలికాప్టర్‌లో యలమందది బరువులు చూసే పని. తెనాలి బియ్యం మిల్లులో కాటా దగ్గర కుదిరిన చెయ్యి అది. రోజూ పొద్దున్నే రేపల్లె మైదానంలో కాటా మీద ఇరవై కేజీల గుండు పెట్టి ముల్లు సరిచూసుకుంటాడు. తడిసిన చీరల కొంగులు పిండించిగాని ఆడవాళ్లను ఎక్కనివ్వడు. "మమ్మల్నీ ధాన్యం బస్తాల్లా తూస్తావేంటయ్యా?" అని ఎవరైనా ఎకసెక్కమాడితే నవ్వడు, పలక మీద అంకె వేసుకుంటాడు.

మొన్న పెనుమూడి దిగువ లంకలో, తాడిచెట్ల నడుమ దిబ్బ మీద కామేశ్వరమ్మ, ఆమె భర్త వెంకటరాఘవయ్య ఆఖరున మిగిలారు. ఎండ ముదిరి, గాలి పలచబడి హెలికాప్టర్ మోయగల బరువు తగ్గింది. వెంట తెచ్చిన కాటా మీద యలమంద ఇద్దర్నీ తూచాడు. ఒక్కరికే చోటుంది.

"రెండు ఇంజన్లున్నాయిగా నాయనా, ఈయనొక్కడే బరువయ్యాడా?"

"ఒకటి ఆగిపోయినా రెండోది అందర్నీ ఆ చెట్లు దాటించాలి పిన్నిగారూ. ఒకటే ఉందనుకుని ఎక్కించాలండి."

బదులుగా తను దిగిపోతానన్నాడు యలమంద. తలుపు దగ్గర మనిషి లేకుండా ఎగరకూడదన్నాడు పైలట్. వెంకటరాఘవయ్యే భార్య మోచెయ్యి పట్టి ఎక్కించాడు. "ఎక్కవే, వెనకాలే వస్తాగా."

నలభై నిమిషాలకు తిరిగొచ్చేసరికి ఏరు దిబ్బను కోసుకుపోయింది. నీళ్ల మీద తాటి మట్టలే కనిపించాయి. ఆ రోజంతా రెండు ఇంజన్లలో ఒక్కటీ ఆగలేదు.

మర్నాడు యలమంద కాటా మీద గుండు పెట్టాడు. ముల్లు సరిగ్గా ఇరవై దగ్గర నిలిచింది. పలక మీద వెంకటరాఘవయ్య బరువు, యాభై రెండు, అలాగే ఉంది. దాన్ని చెరపకుండా కిందనే, ఆ రోజు ఎక్కించే సాయం బియ్యంలో మొదటి బస్తా అంకె వేశాడు.