ఆళ్లగడ్డ ఎర్రబండిలో జొన్నరొట్టెలు

ఆళ్లగడ్డ ఫైర్ స్టేషన్‌లో లీడింగ్ ఫైర్‌మ్యాన్‌గా పనిచేసే సామ్యేలును చూస్తే ముందు ఆయన నవ్వు కనిపించేది, ఆ తర్వాత పొట్ట కనిపించేది. ఉయ్యాలవాడ దగ్గరి పల్లె ఆయనది. చిన్నప్పుడు ఊళ్లో గడ్డివామి అంటుకుంటే ఎర్రబండి గంట కొట్టుకుంటూ వచ్చింది. దాన్ని చూసిన రోజే తను పెద్దయ్యాక ఏం కావాలో తేల్చుకున్నాడు, అనుకున్నట్టే అయ్యాడు. మంట దగ్గర ఏనాడూ వెనకడుగు వేయలేదు. బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ దగ్గర కూడా అంతే.

ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు. ఫైర్ స్టేషన్‌లో తిండికి వేళ ఉండదు. ముద్ద నోట్లో పెట్టుకోగానే ఫోన్ మోగుతుంది. ఎక్కడో గడ్డి కాలుతుంటుంది, ఇంకెక్కడో కరెంటు స్తంభం కింద చెరకు తోట అంటుకుంటుంది. మంట ఆర్పి వచ్చేసరికి ఆకలితో కళ్లు తిరుగుతాయి. ఎదురుగా తోపుడుబండి మీద వేడివేడి బజ్జీలు, పరోటాలు దొరుకుతాయి. అందరూ అవే తినేవాళ్లు, అందరికంటే ఎక్కువ సామ్యేలు తినేవాడు.

పోయినేడాది ఎండాకాలం శిరివెళ్ల వైపు ఒక ఊళ్లో వరిగడ్డి వామి అంటుకుంది. సామ్యేలు భుజాన పైపు వేసుకుని చేనుకు అడ్డంగా పరుగు తీశాడు. సగం దూరంలోనే ఛాతీ పట్టేసి, గట్టు మీద కూలబడ్డాడు. డ్రైవరు షోయబ్ దూకి వచ్చి ఆయన చేతిలోంచి పైపు లాక్కున్నాడు. మిగతావాళ్లు మంట ఆర్పారు. ఈలోగా వామి వాళ్లింటి ముసలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి సామ్యేలుకు తాపింది.

"వామి సంగతి తర్వాత చూద్దాం గానీ, ముందు ఈ అప్పను ఆస్పత్రికి తీస్కపోండి" అంది.

నంద్యాలలో డాక్టరు షుగరు, బీపీ రెండూ ఉన్నాయన్నాడు. ఇంకొన్నాళ్లు ఇలాగే గడిపితే గుండెకు ప్రమాదమని చెప్పాడు. తిరుగు బస్సులో ఆయన భార్య లూదియా మందుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒకే మాట అడిగింది.

"నిన్ను జూసి పని నేర్చుకునే పిల్లోళ్లు ఉండారు ఆడ. తిండి గూడా నిన్ను జూసే నేర్చుకుంటాండారా?"



ఆ వారంలోనే స్టేషన్ ఆఫీసరు ఏడాది శిక్షణకు వెళ్లాడు. బాధ్యత సామ్యేలు మీద పడింది. పొద్దున్నే అందరినీ వరసలో నిలబెట్టి హుకుం జారీ చేశాడు.

"ఈ పొద్దు నుంచి స్టేషన్లోకి బజ్జీ రాకూడదు. తెల్లారి అందరూ పరిగెత్తాల్సిందే."

అందరూ సరేనన్నారు గానీ, ఎవరి మొహంలోనూ కళ లేదు. కొద్ది రోజులకు సామ్యేలు ఏదో స్పానరు కోసం బండి పక్క అర తెరిచాడు. గుప్పున నూనె వాసన వచ్చింది. చుట్టిపెట్టిన పైపు వెనక కాగితం పొట్లంలో మిరపకాయ బజ్జీలు వెచ్చగా ఉన్నాయి. షోయబ్ పక్కనే టైరు తుడుస్తున్నాడు.

"ఏందిది షోయబ్?"

"బజ్జీలన్నా."

"రాకూడదని చెప్పినా గదా?"

"స్టేషన్లోకి రాకూడదన్నావు. ఇది బండి గదన్నా."

సామ్యేలుకు కోపం రావాలి. కానీ నవ్వొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి, బండి మెట్టు మీద కూర్చున్నాడు. చుట్టూ అందరూ చేరారు.

"వామి కాడ కూలబడినోణ్ని నేను. మీకు చెప్పేదానికి నాకు మొగం యాడుండాది? నేను ఇట్ల జెయ్యండంటే మీరు దాస్తాండారు. మీరే చెప్పండప్పా, ఏం జేద్దాం?"

 అందరికంటే ముందు షోయబే నోరు విప్పాడు.

"మా అమ్మ జైతున్‌బీ కాడ రొట్టె కొట్టేది నేర్చుకున్యా నేను. సామాన్లు తెప్పియ్, వంట నేను జూసుకుంటా. ఇన్నాళ్లూ నన్నెవరూ అడగల్యా."

తర్వాత హరీష్ మాట్లాడాడు. డోన్ నుంచి వచ్చిన కుర్రాడు, కాలేజీలో కబడ్డీ ఆడినవాడు. స్టేషన్‌లో చేరినప్పటి నుంచి వాడి గొంతు విన్నవాళ్లు తక్కువ.

"ఉత్త పరుగు వద్దన్నా, విసుగు పుడతాది. పైపులు మోసుకొని నిచ్చెనెక్కుదాం. సాయంత్రం కబడ్డీ పెట్టుకుందాం."

"అయితే ఆ పని నీది" అన్నాడు సామ్యేలు. "నాకు గూడా నువ్వే చెప్పల్ల. నేను ఎగ్గొడితే తిట్టు."

అక్కడి నుంచి స్టేషన్ రూపే మారిపోయింది. మధ్యాహ్నమైతే వంటగదిలోంచి టపటపమని రొట్టె కొట్టే చప్పుడు వినిపించేది. జొన్నరొట్టెలోకి పుల్లపుల్లటి గోగాకు పప్పు, ఉడకబెట్టిన గుడ్లు, శెనిక్కాయల పొడి ఉండేవి. ఎండల్లో బండిలో మజ్జిగ క్యాను లేకుండా షోయబ్ తాళం తిప్పేవాడు కాదు. ఆదివారం మాత్రం ఉగ్గాని ఉండాలని అందరూ చేతులెత్తి తీర్మానించుకున్నారు, సామ్యేలు రెండు చేతులూ ఎత్తాడు. సాయంత్రం ఆవరణలో కబడ్డీ కూత మొదలైతే దారిన పోయేవాళ్లు గేటు దగ్గర ఆగి ఈలలు వేసేవాళ్లు. ఇన్‌ఛార్జి అని చూడకుండా కాళ్లు పట్టి మట్టిలోకి లాగేవాళ్లు ఆయన్ని. మంట ఆర్పి వచ్చిన ప్రతిసారీ టీ తాగుతూ ఎక్కడ పొరపాటైందో మాట్లాడుకునేవాళ్లు. సామ్యేలు పొరపాట్లు కూడా ఆ మాటల్లో వచ్చేవి.

ఈ ఏడాది ఏప్రిల్‌లో, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు నంద్యాల నుంచి ఫోన్ వచ్చింది. ఊరి శివార్లలో పత్తి మిల్లు అంటుకుంది, అక్కడి బండ్లు చాలడం లేదు.

షోయబ్ హైవే మీద బండిని ఉరికించాడు. దూరం నుంచే నల్లటి పొగ కనిపించింది. మిల్లు ముందు జనం గోలగోలగా ఉన్నారు. వెనక పత్తి ఏరే గదిలో ఇద్దరు ఆడవాళ్లు చిక్కుకుపోయారని ఒకాయన అరుస్తున్నాడు. సామ్యేలు వెంటనే ముందు తలుపు వైపు కదిలాడు.

"అన్నా, ఆడ వద్దు!" హరీష్ గట్టిగా అరిచాడు. "పత్తి బేళ్లు ఒకదాని మీదొకటి పేర్చినారు. కింద కాలతాండాయి, మీద పడతాయి. గది వెనకాలుండాది. గోడ రేకు కోసి పోదాం."

సామ్యేలు ఒక్క క్షణం ఆగి చూశాడు. కింది వరస పత్తి మూటలు ఎర్రగా కణకణలాడుతున్నాయి.

"సరే. నువ్వు చెప్పు, మేం చేస్తాం."

అందరూ వెనక్కి పరుగెత్తారు. రేకుల మీద లోపలి నుంచి ఎవరో బాదుతున్న చప్పుడు వినిపించింది! కట్టరు రేకును చీల్చుకుంటూ పోతుంటే నిప్పురవ్వలు ఎగిరాయి. హరీష్ గాలి మాస్కు పెట్టుకుని దూరాడు, వెనకే సామ్యేలు నీళ్లు చిమ్ముతూ వెళ్లాడు. ఒకామె తడుముకుంటూ ఎదురొచ్చింది, హరీష్ ఆమెను బయటికి నడిపించాడు. రెండో ఆమె, పూర్ణిమ, స్పృహ లేకుండా నేల మీద పడి ఉంది. సామ్యేలు పైపు వెనకనున్నవాడికి అందించి ఆమెను భుజానికెత్తుకున్నాడు. బయటికొచ్చి, ఎండలో ఆవరణంతా దాటి, అంబులెన్సు దాకా ఒక్క పరుగున వెళ్లాడు. అప్పుడే ముందు తలుపు దగ్గరి బేళ్లు పెద్ద శబ్దంతో కూలాయి.

ఆమెను పడుకోబెట్టాక గానీ తను పరిగెత్తానన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు. గుండె జోరుగా కొట్టుకుంటోంది, అంతే. నొప్పి లేదు.

"షోయబ్! నేను పరిగెత్తినాప్పా!" అని చిన్నపిల్లాడిలా కేకేశాడు.

"చూస్తి లే అన్నా, ముందు మజ్జిగ తాగు!"

చీకటి పడకముందే మంట అదుపులోకి వచ్చింది. పూర్ణిమ ఆస్పత్రిలో కళ్లు తెరిచిందన్న కబురు విని ఆళ్లగడ్డవాళ్లు, నంద్యాలవాళ్లు మసి మొహాలతో ఒకరినొకరు వాటేసుకున్నారు.

తర్వాత నంద్యాలలో చుట్టుపక్కల స్టేషన్లవాళ్లందరికీ సమావేశం పెట్టి సామ్యేలును మాట్లాడమన్నారు. ఆయన లేచి, "ఆ పొద్దు దారి చెప్పింది ఈయప్ప" అని హరీష్‌ను ముందుకు నెట్టి కూర్చున్నాడు. హరీష్ తడబడుతూ మొదలుపెట్టినా, చివరికి ఆపమని సైగ చేయాల్సి వచ్చింది. బయట షోయబ్ చుట్టూ గుంపు చేరింది. జొన్నపిండి వేడినీళ్లతో కలపాలా, చన్నీళ్లతోనా అని పెద్ద వాదన నడిచింది.

స్టేషన్ ఆఫీసరు శిక్షణ నుంచి తిరిగి వచ్చి అంతా చూశాడు. ఏదీ మార్చలేదు, సాయంత్రం కబడ్డీకి తనూ దిగాడు. సామ్యేలుకు షుగరు పూర్తిగా పోలేదు. మాత్రలు వేసుకుంటూనే ఉన్నాడు, డాక్టరు మాత్రం మోతాదు తగ్గించాడు.

ఈ సంగతులు రాసుకుందామని మొన్న నేను స్టేషన్‌కు వెళ్లి ఆయనతో మాట్లాడుతుండగానే ఫోన్ మోగింది. కోవెలకుంట్ల దారిలో గడ్డి లారీ అంటుకుందట.

"బేగా రాండప్పా!" అంటూ సామ్యేలు లేచాడు. నేను కుర్చీలోంచి లేచేలోపే ఆయన బండెక్కేశాడు.